ఇల్లాలి లెక్కలు: కడలి చమురులో పదియవ వంతు

తాండూరు ప్రాంతమునుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసియున్నది. ఆమె భర్తగారు నాపరాళ్ల వ్యాపారములో ఇరువదియేండ్లు కష్టించి కూడబెట్టిన పైకము 6 లక్షల రూపాయలు బ్యాంకులో నున్నది. వచ్చు రెండేండ్లలో చిన్నకూతురి వివాహమునకని దాచినది. ఈ నడుమ వారి స్నేహితుడొకడు వచ్చి, సముద్రములో చమురు వెదకు ఒక చిన్న కంపెనీ షేరు ముప్పది రూపాయలకు దొరకుచున్నదనియు, ఒక పెద్ద క్షేత్రములో ఆ కంపెనీకి నూటికి పది వంతులు కలవనియు, బావి పడినచో షేరు మూడువందలగుననియు చెప్పెనట. భర్తగారు ఆ పైకము చాలక ఆమె గాజులు గూడ కుదువ బెట్టుదమనుచున్నారట. కాదనుటకు తనకు తెలివి చాలదనియు, ఔననుటకు మనసొప్పదనియు ఆమె వ్రాసినది.

ఆ కంపెనీ పేరు మేమిచ్చట వ్రాయము. దాని మంచిచెడ్డలు నిర్ణయించుట మా పని కాదు. కాని ఆ జాతి కంపెనీలన్నిటికిని సామాన్యమైన గుణమొకటి కలదు. అది తెలిసినచో రేపు మఱియే పేరు వచ్చినను ఆ సోదరి తానే తూచుకొనగలదు.

బంట్వారములో కాపురముండు వారికి బోరుబావి సంగతి యెవరును బోధింప నక్కఱలేదు. వాన పడినచో కందియు పత్తియు. పడనిచో బోరే దిక్కు. పాయింటు చూచువాడు అరచేత కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతయు తిరుగును. కాయ నిలువున లేచినచోట గుర్తు పెట్టును. రాత్రికి బండి వచ్చును. అడుగునకింత యని లెక్క. మున్నూఱడుగులు దిగినను దుమ్మే లేచుచుండును. ఇంకొక నూఱు పోనిమ్మని బండివాడనును. ఇంతదూరము వచ్చి విడుతునా యని రైతనును. దుమ్ము తడిసి బురద యైనచో ఇంటిల్లిపాదియు వచ్చి టెంకాయ కొట్టుదురు. తెల్లవారునప్పటికి ఫలానావారికి రెండించుల నీళ్లు పడినవట యని ఊరంతయు చెప్పుకొనును. ఆ రెండించులు ఎండకాలమునకు అరయించియగునని అందఱెఱిగినదే. ఐనను ఆ పూట ఎవరును ఆ మాట అనరు.

సముద్రములో చమురు వెదకుట యింతకన్న మిక్కిలి వేఱు కాదు. కొబ్బరికాయకు మాఱుగా శబ్దతరంగములను నీటిలోనికి పంపి, అడుగున నున్న రాతిపొరల నుండి తిరిగివచ్చు ప్రతిధ్వనులను వ్రాసికొని, ఆ లెక్కలతో భూగర్భపు చిత్తరువు గీయుదురు. కొబ్బరికాయ కన్న అది వేయిరెట్లు మేలు, సందేహము లేదు. కాని ఆ చిత్తరువు చూపునది చమురును గాదు. చమురు నిలువదగిన రాతి యాకృతిని మాత్రమే. లోపల ఉన్నదా లేదా యనునది బావి త్రవ్వినగాని తెలియదు. లోతునీటిలో నట్టి బావి యొక్కదానికి వందల కోట్ల రూపాయలు పట్టుటయు కలదు. ఎండుబావి యైనచో ఆ పైకమంతయు నీటిపాలే.

ఈ ఎండుబావి భయము సోదరి భర్తగారికి తెలియనిదని మేమనుకొనము. రాతిగని పట్టినవారికి పొర మంచిదగునో చెడ్డదగునో యను జూదము అలవాటే. వారి స్నేహితుడు చెప్పక విడిచినది వేఱొకటి. బావి పడిన తరువాత ఆ పదియవ వంతు గల చిన్న కంపెనీకి ఏమగుననునది. దీనికి దూరదేశములు పోనక్కఱలేదు. మన కృష్ణాగోదావరుల సముద్రతీరమునే దృష్టాంతమున్నది.

1999 లో భారతప్రభుత్వము క్రొత్త అన్వేషణ విధానము క్రింద సముద్రభాగములను వేలమునకు పెట్టినప్పుడు, కాకినాడ కెదురుగా నున్న లోతునీటి భాగమొకటి రిలయన్సు కంపెనీకిని, కెనడా దేశమందలి కాల్గరీ నగరపు నైకో రిసోర్సెస్ అను చిన్న కంపెనీకిని కలిపి దక్కెను. రిలయన్సుకు 90 వంతులు, నైకోకు 10 వంతులు. కేజీ-డీ6 అని పత్రికలలో మనము చదివిన క్షేత్రమిదియే. 2002 లో వాయువు బయటపడెను. 2009 ఏప్రిలులో అది గాడిమొగ తీరమునకు చేరెను. అచ్చటనుండి గొట్టపుదారి మన తెలంగాణమును, కర్ణాటక మహారాష్ట్రములను దాటి గుజరాతులోని భరూచి వఱకు పోవును. దినమునకు 8 కోట్ల ఘనమీటర్లు తీయుదుమని 2006 నాటి ప్రణాళిక. 2010 లో 6 కోట్లు దాటెను. ఆ దినములలో నైకో షేరు టొరొంటో బజారులో 100 డాలర్లకు పైగా పలికెను.

పిమ్మట ఎండకాలపు బోరువలె నయ్యెను. భూగర్భములో ఒత్తిడి తగ్గెను. బావులలోనికి నీరును ఇసుకయు చొచ్చెను. 2013 నాటికి దినమునకు 2 కోట్ల ఘనమీటర్లకు లోబడెను. మొదటి రెండు ముఖ్యక్షేత్రములనుండి 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయవచ్చునని వేసిన యంచనా సుమారు 3 లక్షల కోట్లకు దిగెను. చెప్పినన్ని బావులు త్రవ్వకపోవుటయే కారణమని ప్రభుత్వమును, భూగర్భ స్వభావమే కారణమని కంపెనీయు వాదించుకొనగా తగవు మధ్యవర్తుల కడకు పోయెను. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రములును మూతపడెను.

రిలయన్సు పెద్ద సంసారము. దానికి నూనె శుద్ధిచేయు కర్మాగారములు కలవు, వేఱు వ్యాపారములు కలవు. పైగా 2011 లోనే ఈ క్షేత్రముతో గూడ అనేక భాగములలో 30 వంతులను బ్రిటనుకు చెందిన బీపీ కంపెనీకి 720 కోట్ల డాలర్లకు అమ్ముకొనెను. నైకోకు అట్టి ఆధారములు తక్కువ. ఇక్కడి రాబడి నమ్ముకొని ఇండొనీషియా సముద్రములో బావులు త్రవ్వించెను. అవి నిరాశ కలిగించెను. అప్పులు పెరిగెను. 2015 ప్రారంభమునకు దాని షేరు ఒక్క డాలరు గూడ పలుకలేదు. నూఱు డాలర్లకు కొన్న గృహస్థుని గతి సోదరీమణులు ఊహించుకొందురు గాక.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇకమీదట నున్నది. అదే కేజీ-డీ6 భాగములో క్రొత్త క్షేత్రములు మఱికొన్ని కలవు. 2017 లో రిలయన్సు, బీపీ వానిని అభివృద్ధి చేయుటకు పూనుకొనెను. పాలివారు ముగ్గురును ఎవరి వంతు వ్యయము వారు చెల్లింపవలెను. నైకో తన పదివంతుల వ్యయము చెల్లింపలేకపోయెను. చెల్లింపనివాడు వాటా విడువవలెనని ఒప్పందము. తగవులాడియు ఫలము లేక, ఆ పది వంతులు మిగిలిన యిద్దరికే చేరెను. ఇప్పుడు రిలయన్సుకు నూటికి సుమారు 67, బీపీకి 33. ఆ క్రొత్త వాయువు 2020 డిసెంబరులో ప్రవహింప నారంభించెను. 2023 నాటికి అన్నియు కలిసి దినమునకు 3 కోట్ల ఘనమీటర్ల ప్రాంతమునకు చేరెను. వాయువు వచ్చినది, మొదటినుండి వాటా పట్టుకొని కూర్చున్న చిన్న పాలివాడు మాత్రము అప్పటికే పంక్తినుండి లేచిపోయెను.

అన్నదమ్ములు ముగ్గురు కలిసి బోరు వేయించినప్పుడు మన యూళ్లలో జరుగునది ఇదియే కదా. నీళ్లు పడినవి. మోటారు కావలెను, పైపులు కావలెను, కరెంటు స్తంభము కావలెను. కడగొట్టువానికి తన వంతు పైకము పుట్టదు. రెండేండ్లు చూచి పెద్దవారిద్దరును మడిలోనికి నీరు మలుపుకొందురు. కడగొట్టువాడు గట్టుమీద నిలిచి చూచుచుండును. క్షీరసాగర మథనములో మొదట లేచినది హాలాహలము. అమృతము కడపట వచ్చెను. వచ్చినప్పుడును త్రాడు లాగినవారందఱికిని అందలేదు.

ఇంకొక దృష్టాంతము క్లుప్తముగా చెప్పెదము. 2005 జూన్ మాసమున గుజరాతు రాష్ట్రప్రభుత్వపు చమురు సంస్థ జీఎస్పీసీ, కాకినాడకు సమీపమున సముద్రములో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు కనుగొంటిమని ప్రకటించెను. అందు జియోగ్లోబల్ అను మఱియొక కాల్గరీ కంపెనీకి 10 వంతులుండెను. అన్వేషణ వ్యయము జీఎస్పీసీ భరించునట్లును, ఈ చిన్న కంపెనీ చేతినుండి మొదట పైకము పెట్టనక్కఱలేనట్లును ఒప్పందము. పెట్టుబడి లేని లాభమని లోకము భ్రమించెను. డాలరు ప్రాంతమున నున్న షేరు సంవత్సరములోపల పది డాలర్లు దాటెను. పిమ్మట ఆ రాయి మిక్కిలి దట్టమైనదనియు, లోపలి ఒత్తిడియు వేడియు అత్యధికమనియు తేలెను. ప్రభుత్వ పరిశీలకులు అంగీకరించిన వాయువు మొదట చెప్పినదానిలో పదియవవంతు ప్రాంతమే. వ్యయము హద్దులు దాటగా, భరించుటకు ఒప్పుకొన్నది ఎంతవఱకు అని ఇరువురికిని తగవు పుట్టెను. 2013 నాటికి జియోగ్లోబల్ షేరు సెంట్లలో పలుకుచుండెను. జీఎస్పీసీకి గల 80 వంతులను 2017 లో ఓఎన్‌జీసీ కొనెను.

చెడ్డకథలే ఏరి చెప్పితిమని పాఠకురాండ్రు అనుకొనగలరు. అదే తీరమున రవ్వ క్షేత్రము కలదు. సూరసాని యానాముకు ఎదుట, లోతు తక్కువ నీటిలో. 1994 లో ఓఎన్‌జీసీతో గూడ వీడియోకాన్, ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియం, మఱియొక సింగపూరు కంపెనీ కలిసి ఒప్పందము చేసికొనిరి. కమాండ్ చిన్న కంపెనీయే. తీయదగినది 10 కోట్ల పీపాలని తొలియంచనా. నాటినుండి దానికి సుమారు మూడింతలు తీసిరి. 1996 లో కెయిర్న్ అను స్కాట్లండు కంపెనీ కమాండును కొనెను. ఇది లాభించిన కథ. ఐతే ఒక భేదము గమనింపవలెను. రవ్వలో చమురున్నదని ఓఎన్‌జీసీ 1987 లోనే కనుగొనియుండెను. 1994 లో వచ్చినవారు వెదకుటకు రాలేదు. దొరికినదానిని తీయుటకు వచ్చిరి. నీరు తక్కువ, తీరము దగ్గఱ. చమురు వెదకు కంపెనీ యని ఒకే పేరున పిలువబడునవి నిజమునకు రెండు జాతులని దీనివలన తెలియుచున్నది. ఆ స్నేహితుడు చెప్పిన కంపెనీ ఏ జాతిదో సోదరి అడిగి తెలిసికొనవలెను.

కాలమును గూర్చి కూడ ఒకమాట. ఈ తీరముననే లోతునీటిలో కేజీ-98/2 అనబడు భాగములో 90 వంతులను 2005 లో ఓఎన్‌జీసీ కెయిర్న్ నుండి తీసికొనెను. వాయువు చమురు ఉన్నవని అప్పటికే తెలియును. ఐనను సముద్రమధ్యపు ఆ బావులనుండి మొదటి చమురు వచ్చినది 2024 జనవరిలో. ప్రభుత్వ సంస్థ గనుక అన్నియేండ్లు నిలువగలిగెను. రెండేండ్లలో పెండ్లి పెట్టుకొన్న ఇంటికిని పందొమ్మిదేండ్ల నిరీక్షణకును పొత్తు కుదురదు.

ఇక సోదరి చేయవలసిన పని. ఆ కంపెనీ వార్షిక నివేదిక ఉచితముగా దొరకును. దానిని భర్తగారితో గూర్చుండి చదువవలెను. బొమ్మలను, అధ్యక్షుని సందేశమును విడిచి, మొదట నిల్వల పట్టికను చూడవలెను. అక్కడ వాడిన మాట ముఖ్యము. భూమిలో ఉన్నదని యెంచిన వాయువు వేఱు, పైకి తీయదగిన వాయువు వేఱు, తీసి అమ్మి లాభము పొందదగినదని బయటి పరీక్షకులు ఒప్పిన నిల్వ వేఱు. గాదెలో గింజలకును, పొలములో పైరుకును, ఇంకను మొలకెత్తని విత్తునకును గల భేదమిది. స్నేహితులు చెప్పునది సామాన్యముగా మూడవదానిని మొదటిదానివలె చెప్పుట. క్షేత్రమును నడపునది ఎవరో కూడ చూడవలెను. పదివంతులవాడు బావి ఎప్పుడు త్రవ్వవలెనో నిర్ణయింపడు. నిర్ణయించిన వాని వెంట పైకము మోయును. వాయువు ధర సైతము కొన్నివేళల కంపెనీ చేతిలో లేదు. కేజీ-డీ6 వాయువునకు 2007 లో ప్రభుత్వము ఒప్పుకొన్న 4.20 డాలర్ల ధరయే మొదటి యైదేండ్లును నడిచెను.

వీనియన్నిటికన్న మేము గట్టిగా చెప్పునది చేతనున్న నగదును గూర్చి. లెక్క కొఱకు ఒక కల్పిత కంపెనీని తీసికొందము. దానికి 10 కోట్ల షేర్లు, షేరు వెల 30 రూపాయలు. క్షేత్రములో 10 వంతులు. బావి పడినది. తీయుటకు మొత్తము వ్యయము 5000 కోట్లు. కంపెనీ వంతు 500 కోట్లు. చేతనున్నది 80 కోట్లు. తక్కిన 420 కోట్లు ఎక్కడినుండి వచ్చును? అమ్మకము లేని కంపెనీకి బ్యాంకు సులభముగా అప్పీయదు. క్రొత్త షేర్లు అమ్మవలెను. 30 రూపాయలకే అమ్మినను 14 కోట్ల షేర్లు కావలెను. అప్పుడు మొత్తము 24 కోట్లు. నిన్నటివఱకు పదింట ఒకపాలు గలవానికి ఇప్పుడు ఇరువదినాల్గింట ఒకపాలు. చమురు అంతయే, పాలు సగమునకన్న తక్కువ. అవసరము తెలిసిన కొనుగోలుదార్లు 30 ఇయ్యక 20 కే యడిగినచో ఇంకను పలుచనగును. మా యింటివారు ఎనిమిదవ తరగతికి చెప్పు భాగహారము ఇంతకన్న కష్టమైనది. ఐనను మూడువందలగునని చెప్పువారిలో ఈ లెక్క వేసినవారిని మేమింతవఱకు చూడలేదు.

సోదరి భర్తగారిని మేము తప్పుపట్టము. వ్యాపారము చేయువారికి సాహసము లేనిచో పొయ్యి వెలుగదు. వారికి అంత ఆశ కలిగినచో, ఈ యేటి రాతి వ్యాపారపు మిగులులోనుండి పోయినను ఇంట పప్పు పలుచన గాని మొత్తమును, పదివేలో ఇరువదివేలో, పెట్టి చూచుకొన వచ్చును. వివాహపు పైకమును తేదీ గల పైకము. దానిని తేదీ లేని వస్తువులో పెట్టరాదు.

గాజులను గూర్చి మా యభిప్రాయము ఇంతకన్న కఠినము. కుదువబెట్టిన బంగారమునకు వడ్డీ ప్రతినెలయు పెరుగును. ఎండుబావికిని వడ్డీకిని సంబంధము లేదు. గడువు దాటినచో వేలము. పైగా ఆ గాజులు ఆమెకు పుట్టింటివారు పెట్టినవని వ్రాసియున్నది. అట్టి సొత్తు స్త్రీధనము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ సొత్తునకు ఆమెనే పూర్తి యజమానురాలిని చేసినది. భార్య స్త్రీధనముపై భర్తకు అధికారము లేదనియు, కష్టకాలమున వాడుకొన్నచో తిరిగి యిచ్చుట అతని విధి యనియు 2024 లో సుప్రీంకోర్టు మఱల చెప్పినది. షేరు బజారు కష్టకాలము క్రిందికి రాదు. నిండుసభలోనికి రమ్మన్నప్పుడు ద్రౌపది ఏడ్వలేదు, తిట్టలేదు. ఆయన ముందుగా తన్ను ఒడ్డెనా, నన్ను ఒడ్డెనా యని ప్రశ్న పంపినది. భీష్మునికే దానికి సమాధానము దొరకలేదు. సోదరి తాండూరులోని తన వంటింట అదే ప్రశ్న మెల్లగా అడుగవచ్చును. మీ వ్యాపారపు పైకమునుండి ఎంత పెట్టుచున్నారు, నా గాజులనుండి ఎంత పెట్టుచున్నారు అని. రెండవ యంకె పెద్దదైనచో చేతి గాజులు తీయనక్కఱలేదు.

లేఖ చివర మఱియొక సందేహము కలదు. షేర్ల ఖాతా తన పేరున తెరచుదమని భర్తగారనుచున్నారట. అది మేలా యని. భర్త యిచ్చిన పైకముతో భార్య పేరున కొన్నచో, దానిపై వచ్చు ఆదాయము పన్ను లెక్కలో భర్త ఖాతాకే చేరును. కావున పన్ను తగ్గుననుకొని చేయనక్కఱలేదు. ఆమె పేరున తెరచుటయే నిశ్చయమైనచో, ఖాతాలో వ్రాయించు ఫోను నంబరు ఆమెదే కావలెను. కొన్నను అమ్మినను వచ్చు సందేశములు ఆ నంబరునకే చేరును. రహస్యపదము గూడ ఆమెయొద్దనే యుండవలెను. ఆమె ఫోను నంబరు ఇంకను కుమారుని పేరుననే యున్నదని వ్రాసినది. మొదట దానిని తన పేరునకు మార్పించుకొనవలెను.